కోడ్ మొదలుపెట్టే ముందు: కాలేజీ గేమ్‌కి రెండు వారాల కాగితం పని

ఫైనలియర్‌లో గేమ్ చేద్దామనుకున్న టీమ్ సాధారణంగా ముందు గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ చేస్తుంది. తర్వాత యూట్యూబ్‌లో ట్యుటోరియల్ పెట్టుకుని ఒక మనిషి బొమ్మని అటూ ఇటూ పరిగెత్తిస్తుంది. బొమ్మ పరిగెత్తగానే గేమ్ సగం అయిపోయినట్టే ఉంటుంది. మర్నాడు నలుగురూ కూర్చుని ‘ఇప్పుడేం చేద్దాం రా’ అనుకుంటారు. ఆ మాట దగ్గర నెల గడిచిపోతుంది. ఈలోగా మొదటి మిడ్ పరీక్ష వస్తుంది, తర్వాత రివ్యూ వస్తుంది, చివరికి గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే, పంచుకునే సైట్) ఎవరో పెట్టిన ప్రాజెక్ట్‌కి పేరు మార్చి సబ్మిట్ చేస్తారు.

ఆ నెల పోకుండా ఉండాలంటే కోడ్‌కి ముందు చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటినే ప్రీ-ప్రొడక్షన్ అంటారు. పెద్ద స్టూడియోల్లో దీనికి నెలలు పడుతుంది. మీకు రెండు వారాలు చాలు. గేమ్‌లో ఏమేం వద్దో తేల్చుకోవడమే ఇందులో అసలు పని. ఏమేం కావాలో చెప్పడానికి టీమ్‌లో ఎవరూ వెనకాడరు, దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇక్కడ చెప్పేదంతా నలుగురు సభ్యులు, ఒక సెమిస్టర్, మామూలు ల్యాప్‌టాప్‌లు, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న టీమ్ కోసం. గాలిలో చెబితే అర్థం కాదు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం జిల్లా, శెనక్కాయ చేను, రాత్రి. మంచె మీద మీరు, చేతిలో టార్చి. చీకట్లోంచి అడవి పందులు వస్తాయి. గేమ్ పేరు ‘కాపలా’.

1. ఐడియా కంటే ముందు గంటలు లెక్కపెట్టండి

ఐడియా దొరికాక లెక్కపెడితే ఐడియా మీద ప్రేమతో లెక్క తప్పుగా వేస్తారు. అందుకే ఇది మొదటి పని.

సెమిస్టర్‌లో ప్రాజెక్ట్‌కి 12 వారాలు దొరుకుతాయనుకోండి. మనిషికి వారానికి 6 గంటలు. అంతకంటే ఎక్కువ కూర్చుంటామని మొదటి వారం అందరూ చెబుతారు, నమ్మకండి. నలుగురికి కలిపి వారానికి 24 గంటలు, 12 వారాలకి 288. మిడ్‌లు ఉన్న రెండు వారాలు తీసేస్తే 240. ఈ కాగితం పనికి రెండు వారాలు, చివర టెస్టింగ్‌కి రెండు వారాలు తీసేయండి. మిగిలేది 6 వారాలు, 144 గంటలు. అందులో బొమ్మలు వేసే మనిషి వాటా 36 గంటలు మాత్రమే. ఈ 36ని ఎక్కడైనా రాసిపెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

క్యాలెండర్ చూసేటప్పుడు పండుగలు కూడా చూడండి. వినాయక చవితికి సెలవు ఒక్కరోజే అని కాగితం మీద ఉంటుంది. నిమజ్జనం అయ్యేదాకా ల్యాబ్‌లో మనిషి కనబడడు. దసరాకి హాస్టల్ ఖాళీ.

2. ఒక్క క్రియ ఎంచుకోండి

టీమ్‌లో ఐడియాలు అడిగితే మొదట వచ్చేది ఓపెన్ వరల్డ్: టవర్‌క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా మ్యాప్, బైకులు, ఆటోలు, పోలీసులు. రెండోది ఫ్యాక్షన్ గేమ్. సీమ అనగానే సుమోలు లేపడం సినిమాకి సరిపోయింది, అదే మనమూ చేయాలా అన్నది నా అభిప్రాయం. అభిప్రాయం సంగతి పక్కన పెట్టినా, ఆ రెండూ 144 గంటల్లో అయ్యే పనులు కావు.

కథతో మొదలుపెట్టకండి. ఆటగాడి వేలు ఏం చేస్తుంది అన్నదానితో మొదలుపెట్టండి. దూకడం, విసరడం, తిప్పడం, దాక్కోవడం, పేర్చడం, ఇలాంటివాటిలో ఒక్కటి. 1972లో అటారీ తెచ్చిన ‘పాంగ్’ మెషీన్ మీద ఆడే పద్ధతిగా రాసింది దాదాపు ఇంతే: బంతి తప్పిపోకుండా చూసుకుంటే స్కోర్ పెరుగుతుంది. మీ గేమ్‌ని కూడా అలా ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. వాక్యంలో ‘ఇంకా’, ‘అలాగే’, ‘దాంతోపాటు’ అన్న మాటలు దొర్లితే అక్కడ రెండో గేమ్ మొదలైందని అర్థం.

‘కాపలా’కి క్రియ: టార్చి తిప్పడం. వేలు తెర మీద ఆనితే వెలుగు, తీస్తే చీకటి, జరిపితే వెలుగు జరుగుతుంది. వాక్యం: బ్యాటరీ అయిపోకుండా చూసుకుంటూ, టార్చి వెలుగుతో పందుల్ని తరిమి, తెల్లారేదాకా చేను కాపాడాలి.

ఇలాంటి ఐడియాలు పది రాసి, ఒక్కోదానికి ఒక క్రియ పెట్టి, ఓటు వేసుకోండి. ఒక పూట పని. ఇంతకంటే ఎక్కువ సాగదీస్తే గొడవలు తప్ప ఏమీ రావు.

3. నిజం చేనికి వెళ్లి చూడండి

మన ఊళ్లలో చదివేవాళ్లకి ఉన్న లాభం ఇదే, కానీ వాడుకునేవాళ్లు తక్కువ. కళ్యాణదుర్గం వైపో, కూడేరు వైపో సొంత చేను ఉన్న క్లాస్‌మేట్ ఒకడైనా దొరుకుతాడు. ఖరీఫ్ శెనక్కాయ జూన్, జూలైల్లో వేస్తారు, అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. కాయ ఊరే రోజుల్లో పందుల బెడద ఎక్కువ. ప్రాజెక్ట్ ఆ సెమిస్టర్‌లోనే ఉంటే చక్కగా కలిసొస్తుంది.

వెళ్లి కెమెరా తిప్పుకుని రావడం కాదు. అడగాల్సినవి రాసుకుని వెళ్లండి. ‘పందులు యాడనుంచి వస్తాయన్నా? ఒకటే వస్తుందా, మందగానా? టార్చి వేస్తే నిలబడి చూస్తాయా, వెంటనే పరిగెత్తుతాయా? పోయినవి మళ్లీ అదే పక్క వస్తాయా?’ ప్రతి జవాబూ గేమ్‌లో ఒక నియమం అవుతుంది. చేను చుట్టూ కట్టిన పాత చీరలు, కొట్టడానికి పెట్టుకున్న ఖాళీ డబ్బా, మంచె మీది దుప్పటి, ఇవన్నీ ఫోటోలు తీసుకోండి. బొమ్మలేసే మనిషికి ఇంటర్నెట్‌లో దొరికే ఏ ‘ఇండియన్ ఫార్మ్’ బొమ్మ కంటే ఇవే పనికొస్తాయి.

పందుల కోసం చేను చుట్టూ పెట్టే కరెంటు తీగల సంగతి కూడా ఎవరో ఒకరు చెబుతారు. దాన్ని గేమ్‌లో పెట్టకండి. చట్టవిరుద్ధం, మనుషులు కూడా పోతున్నారు. పందుల్ని చంపే ఆటగా కూడా చేయొద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అడవి పందికీ రక్షణ ఉంది. పైగా చావు బొమ్మలు వేయడం అదనపు పని, పారిపోవడం ఒక్కటి చాలు.

4. కాగితం మీద ఆడండి

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. రెండు వారాల్లో కనీసం నాలుగు రోజులు.

కావలసినవి: పెద్ద చార్టు ఒకటి, స్కెచ్ పెన్ను, పాత పెళ్లి కార్డు, సీసా మూతలు నాలుగు, అగ్గిపుల్లలు 20, గుప్పెడు శెనక్కాయలు. చార్టు మీద అడ్డంగా 8, నిలువుగా 6 గళ్లు గీయండి. మొత్తం 48. ఒక్కో గడిలో ఒక్కో కాయ పెట్టండి, అవే మొక్కలు. కింది అంచు మధ్యలో మంచె. పెళ్లి కార్డుని కోసి వెలుగు ఆకారం చేయండి. మంచె దగ్గర సన్నగా, దూరంగా పోయేకొద్దీ మూడు గళ్ల వెడల్పు. దాని సన్నని కొనకి గుండుసూది గుచ్చితే తిరుగుతుంది. మూతలు పందులు. మిగతా మూడు అంచుల నుంచి లోపలికి వస్తాయి.

ఇద్దరు ఆడతారు. ఒకరు టార్చి, ఒకరు పందులు. ప్రతి వంతుకీ టార్చి ఒక మెట్టు తిరగొచ్చు, ప్రతి పందీ ఒక గడి జరగొచ్చు. కాయ ఉన్న గడిలో పంది ఒక వంతు ఆగితే కాయ పోయినట్టే. వరుసగా రెండు వంతులు వెలుగులో ఉంటే పంది వచ్చిన దారిన పోతుంది. టార్చి వెలిగి ఉన్న ప్రతి వంతుకీ ఒక అగ్గిపుల్ల తీసేయాలి. మొత్తం 30 వంతులైతే తెల్లారుతుంది. పుల్లలు 20 మాత్రమే ఉన్నాయి కాబట్టి పది వంతులు చీకట్లో ఉండక తప్పదు. టార్చి ఆర్పినప్పుడు ఆ ఆటగాడు కళ్లు మూసుకోవాలి. పందులు జరిపేవాడు ‘సరసర’ అని చప్పుడు చేయాలి, దగ్గరికొస్తే గట్టిగా. పోయిన కాయల్ని వెంటనే నోట్లో వేసుకోకండి, చివర్లో లెక్క తేలదు.

చూడటానికి పిల్లలాటలా ఉంటుంది. ల్యాబ్‌లో ఆడుతుంటే పక్క బ్యాచ్ నవ్వుతుంది. నవ్వనివ్వండి, వాళ్లనే మూడో రోజు టెస్టింగ్‌కి పిలవండి.

ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఆటకీ ఒక వరస రాయండి: పందులెన్ని, వెలుగు వెడల్పు ఎంత, పుల్లలెన్ని, చివరికి మిగిలిన కాయలెన్ని, ఎక్కడ విసుగొచ్చింది. ఆటకీ ఆటకీ మధ్య ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. వెలుగు మూడు గళ్లుంటే పందులు రెండైనా లోపలికి రాలేకపోవచ్చు, అప్పుడు కార్డు ఇంకాస్త కోయాలి. నాలుగు పందులు మూడు వైపుల నుంచీ ఒకేసారి వస్తే ఎంత బాగా ఆడినా చేను మిగలదు, అది ఐదో రాత్రికి దాచుకోవాలి (ఈ గేమ్‌లో ఒక్కో రాత్రీ ఒక లెవెల్, మొత్తం ఐదు).

ఇంకో విషయం కూడా బయటపడుతుంది. టార్చి వెలిగి ఉన్నంతసేపూ ఆట మామూలుగా ఉంటుంది. ఆర్పాక, కళ్లు మూసుకుని ‘ఎడమ పక్కేనా?’ అనుకుంటూ మళ్లీ వెలిగించే ఆ క్షణంలో మజా ఉంది. అంటే ఈ గేమ్‌కి ప్రాణం చీకటి. అలాంటప్పుడు బ్యాటరీ ఏదో మూలన ఉండే చిన్న గుర్తుగా మిగలకూడదు, నియమాలన్నీ దాని చుట్టూ తిరగాలి. చప్పుడు కూడా చివరి వారంలో అంటించే అలంకారం కాదు, మొదటి వారం నుంచే కావాలి. ఇది ముందే తెలిస్తే ప్లాన్ మొత్తం మారుతుంది. ఆరో వారంలో తెలిస్తే ఏమీ మార్చలేరు.

అప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. చప్పుడు ఎడమనా కుడినా అని చెవికి తెలియాలంటే ఇయర్‌ఫోన్లు ఉండాలి. చాలా చవక ఫోన్లకి ఒకటే స్పీకర్. బస్సులో ఆడేవాళ్లకి అదీ వినబడదు. కాబట్టి చీకట్లో పంది ఉన్న చోట ఆకులు లీలగా కదలాలి. చెవికి చెప్పే ప్రతి సంగతీ కంటికి కూడా చెప్పాలి. ఈ నిర్ణయం నోట్‌బుక్‌లోకి ఎక్కాలి, బొమ్మల జాబితాలోకి కూడా.

చివరిగా గేమ్ గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టండి. నియమాలు ఒక్కసారి చెప్పి నోరు మూసుకోండి. ‘అట్లా కాదు రా, ఇట్లా తిప్పు’ అన్నారంటే పరీక్ష చెడినట్టే. వాళ్లు తికమకపడిన చోటల్లా గేమ్‌లో ఏదో చూపించాల్సి ఉందని రాసుకోండి.

లెవెల్స్‌కి కూడా ఇదే పద్ధతి. 1985లో నింటెండో వాళ్లు ‘సూపర్ మారియో బ్రోస్’ లెవెల్స్‌ని గ్రాఫ్ పేపర్ మీదే గీశారు. మీ ఐదు రాత్రులకి ఐదు గ్రాఫ్ పేపర్లు చాలు: అడ్డంగా సెకన్లు, నిలువుగా దిక్కులు, పంది వచ్చే చోట ఒక చుక్క. కాగితం మీది ఒక వంతుని 3 సెకన్లనుకుంటే 30 వంతుల రాత్రి 90 సెకన్లు, 20 పుల్లల బ్యాటరీ 60 సెకన్లు. కోడ్‌లో మొదట పెట్టే అంకెలు ఇవే.

5. చేయగలమో లేదో తెలియని పనులు ముందు పరీక్షించండి

కాగితం చాలా చెబుతుంది కానీ వేలికి ఎలా అనిపిస్తుందో చెప్పదు. దానికి రెండు మూడు రోజుల్లో ఒక చెత్త ప్రోటోటైప్ (ఆడి చూడటానికి ముతక నమూనా) చేయండి. పంది ఒక గుండ్రం, మొక్క ఒక చతురస్రం, వెలుగు ఒక త్రికోణం. ఒక్క బొమ్మ కూడా వేయొద్దు. దీన్ని పారేయడానికే చేస్తున్నామని ముందే ఒప్పుకోండి, లేదంటే తొందరలో రాసిన కోడ్ మీదే మొత్తం గేమ్ కట్టాల్సి వస్తుంది.

ఇంజిన్ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. టీమ్‌లో ఎవరికైనా యూనిటీ ఇప్పటికే వచ్చుంటే యూనిటీ. ఎవరికీ ఏదీ రాకపోతే గోడో. ఉచితం, ఎంఐటీ లైసెన్స్ (ఎలాగైనా వాడుకోనిచ్చేది), రాయల్టీ లేదు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి నడపడమే. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర ‘కంపాటిబిలిటీ’ ఎంచుకోండి, పాత ఫోన్లకి అదే మంచిది.

‘కాపలా’లో పరీక్షించాల్సినవి మూడు.

వేలు: ఆటగాడు వెలుగు పడే చోటే వేలు పెడితే ఆ వేలే పందిని కప్పేస్తుంది. మౌస్‌తో ల్యాప్‌టాప్‌లో ఆడినంతకాలం ఇది తెలియదు. ఫోన్‌లో పెట్టి చూడాలి. వేలు కింది భాగంలో జరిపితే పైన వెలుగు తిరిగేలా మార్చడం ఒక దారి.

చీకటి: గోడోలో కాన్వాస్‌మాడ్యులేట్‌తో తెరంతా నల్లబరిచి, పాయింట్‌లైట్2డీతో వెలుగు పెట్టొచ్చు. దీన్ని టీమ్‌లో అన్నిటికంటే పాత ఫోన్‌లో నడపండి. తెర మీద బొమ్మ సెకనుకి 30 సార్లు (30 ఫ్రేములు) కూడా మారకపోతే లైట్ మానేసి, వెలుగు ఆకారంలో బొక్క ఉన్న నల్ల బొమ్మని పైన తిప్పండి. చూసేవాళ్లకి పెద్ద తేడా ఉండదు.

తెలుగు: దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. మెనూలో తెలుగు పెడదామని చివరి వారం మొదలుపెడితే ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి కనబడతాయి. గోడో 4 తెలుగు అక్షరాలను సరిగ్గా కూర్చగలదు. గోడో 3 కూర్చలేదు. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో కూడా మన ఒత్తుల దగ్గర తడబడుతుంది. కాబట్టి మొదటి రోజే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘ఉత్కంఠ’ అని మూడు మాటలు తెర మీద వేసి చూడండి. విడిపోతే మాటల్ని బొమ్మలుగా వేయాలి. అప్పుడు గేమ్‌లో మాటలు వీలైనంత తక్కువ ఉండాలి. ఒత్తులకి కింద చోటు కావాలి, బటన్ ఎత్తు ఇంగ్లీషుకి సరిపోయినంత పెడితే ఒత్తు తెగిపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది.

6. ఒక్క పేజీ రాయండి

నలభై పేజీల డిజైన్ డాక్యుమెంట్ ఎవరూ చదవరు, రాసినవాడితో సహా. ఒక్క పేజీ రాసి గోడకి అంటించండి. ‘కాపలా’ది ఇలా ఉంటుంది:

పేరు: కాపలా.
ఆడేవాళ్లు: ఒక్కరే. ఆండ్రాయిడ్ ఫోన్, అడ్డంగా, ఒక్క వేలితో.
ఒక రాత్రి: 90 సెకన్లు. మొత్తం 5 రాత్రులు.
బ్యాటరీ: 60 సెకన్లు. రాత్రికోసారి నిండుతుంది, మధ్యలో నిండదు.
పంది: తిరుగుతుంది, తింటుంది, వెలుగులో కాసేపు ఉంటే పారిపోతుంది.
గెలుపు: తెల్లారేసరికి 48 మొక్కల్లో కనీసం 24 మిగలాలి. లేకపోతే అదే రాత్రి మళ్లీ.
కష్టం పెరిగేది: పందుల సంఖ్య, వచ్చే దిక్కులు. ఇంకేవీ మారవు.
లేనివి: కథ, సంభాషణలు, షాపు, ఆన్‌లైన్ స్కోర్, రెండో ఆటగాడు.

ఆ చివరి వరస కోసమే మిగతా పేజీ రాసినట్టు అనుకోండి. నాలుగో వారంలో ఎవరో ఒకరు ‘మామా, కుక్కని కూడా పెడదాం, సూపరుంటాది’ అంటారు. వాదించకుండా గోడ చూపించొచ్చు. నిజంగా బాగున్న ఐడియా అయితే పక్కనే ‘తర్వాత చూద్దాం’ అని ఇంకో కాగితం పెట్టి అందులో రాయండి. రాసినందుకు చెప్పినవాడు కూడా సంతోషిస్తాడు.

పంది వరస చూశారు కదా, అందులో మూడు స్థితులు ఉన్నాయి. మూడు గుండ్రాలు గీసి, ఏది జరిగితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుందో బాణాలు వేయండి. ప్రోగ్రామర్ దాన్ని చూసి నేరుగా కోడ్ రాసుకోవచ్చు. జీరోత్ రివ్యూలో గైడ్ ‘ఇందులో అల్గారిథం ఏముంది?’ అని అడిగితే చూపించేదీ అదే. ఫైనైట్ స్టేట్ మెషీన్ అన్న పేరు పెట్టి రికార్డులో ఒక చాప్టర్ రాయొచ్చు. నోట్‌బుక్‌లోని కాగితం ఆటల లెక్కలు టెస్టింగ్ చాప్టర్‌కి వస్తాయి. ఎవరిదో పాత రికార్డు జిరాక్స్ తీసుకోవాల్సిన అవసరం ఉండదు.

7. బొమ్మల జాబితా, తర్వాత కత్తెర

గేమ్‌లో కనబడే ప్రతిదీ రాయండి, కదలికకి కావలసిన ఒక్కో బొమ్మతో (ఫ్రేముతో) సహా. పంది నడక 4, తినడం 2, పరుగు 4, మొత్తం 10 బొమ్మలు. కుడి నుంచి ఎడమకి తిప్పడం ఇంజిన్ చేస్తుంది, వేయక్కర్లేదు. మొక్కకి మూడు దశలు: నిండుగా, సగం, ఖాళీ. నేపథ్యం 1, వెలుగు 1, మంచె 1, బ్యాటరీ 1, బటన్లు 3, మొదటి తెర 1. కూడితే 21. చీకట్లో ఆకుల కదలికకి కొత్త బొమ్మ అక్కర్లేదు, ఉన్న మొక్కనే కోడ్‌తో ఊపొచ్చు.

ఒక్కో బొమ్మకి సగటున 40 నిమిషాలు వేసుకోండి. 21 బొమ్మలకి 14 గంటలు. మొదటిసారి వేసింది బాగుండదు, రంగులు చీకట్లో కలిసిపోతాయి, మళ్లీ వేయాలి. కాబట్టి రెట్టింపు చేయండి: 28 గంటలు. చేతిలో ఉన్నవి 36. సరిపోతుంది, జ్వరం వచ్చినా నడుస్తుంది.

ఇప్పుడు ఎవరో ‘మా కర్నూలు వైపు కృష్ణజింకలు కూడా చేలల్లో పడతాయి, అవి కూడా పెడదాం’ అన్నారనుకోండి. ఇంకో 10 ఫ్రేములు. 31 బొమ్మలు, 20 గంటల 40 నిమిషాలు, రెట్టిస్తే 41 గంటల 20 నిమిషాలు. 36 దాటిపోయింది. జింక ఎంత అందంగా ఉన్నా ఇక్కడితో చర్చ ముగిసింది. కోడ్ రాసేవాడు ‘నాకైతే పది నిమిషాల పని’ అంటాడు. నిజమే, అతనికి.

రంగుల విషయంలో ఒక చిట్కా. బొమ్మలు మొదలుపెట్టే ముందే ఎనిమిది పది రంగులు ఎంచుకుని అందరూ అవే వాడాలని ఒప్పుకోండి. చేనికి వెళ్లినప్పుడు తీసిన రాత్రి ఫోటోల్లోంచే రంగులు తీసుకోవచ్చు. ఎర్రనేల, ముదురు ఆకుపచ్చ, టార్చి పసుపు. సైజు కూడా ఇప్పుడే తేల్చండి. మొక్క 32 పిక్సెళ్లా, 64 పిక్సెళ్లా అన్నది సగం బొమ్మలు అయ్యాక మారిస్తే మొదటి నుంచి వేయాలి.

8. చప్పుళ్లు, హక్కులు

సినిమా పాట పెట్టొద్దు. ఫెస్ట్‌లో చూపించడానికే కదా అనుకున్నా, రేపు ఎక్కడైనా పెట్టాలంటే తీసేయాల్సి వస్తుంది. ఎండుటాకుల చప్పుడు, డబ్బా కొట్టిన చప్పుడు, కీచురాళ్ల రొద, ఇవన్నీ చేనికి వెళ్లిన రోజే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేయొచ్చు.

బయటివి వాడితే లైసెన్స్ చూడండి. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, ఉచితంగా పంచుకునేవాటికి పెట్టే లైసెన్స్‌ల వరస. సీసీ0 అంటే ఎలాగైనా వాడొచ్చు, గేమ్ బొమ్మలిచ్చే కెన్నీ సైట్‌లోనివి అలాంటివి. సీసీ బై అంటే చేసినవాళ్ల పేరు వేయాలి. ఎన్‌సీ అని ఉంటే డబ్బుకి అమ్మే దాంట్లో వాడకూడదు. చప్పుళ్లు దొరికే ఫ్రీసౌండ్ సైట్‌లో ఒక్కో చప్పుడుకి ఒక్కో లైసెన్స్. దించుకున్న రోజే లింకు, పేరు, లైసెన్స్ ఒక షీట్‌లో రాయండి. తర్వాత వెతికితే దొరకవు.

9. ఎవరేం చేస్తారు, ఫైళ్లు ఎక్కడుంటాయి

నలుగురిలో ఒకరు కోడ్, ఒకరు బొమ్మలు, ఒకరు రాత్రుల డిజైన్, టెస్టింగ్. నాలుగో మనిషికి చప్పుళ్లతోపాటు రికార్డు, క్యాలెండర్, గైడ్‌తో మాట్లాడటం ఉంటాయి. ఈ నాలుగో పని చిన్నదని ఎవరూ తీసుకోరు. గేమ్ పూర్తవుతుందా లేదా అన్నది సగం ఆ మనిషి మీదే ఉంటుంది, మొహమాటం లేకుండా ‘ఎంత అయింది?’ అని అడగగలిగేవాళ్లకి ఇవ్వండి. ఇద్దరిద్దరు విడిపోయి వాదించుకుంటే తేల్చేది ఎవరో కూడా ఇప్పుడే చెప్పుకోండి, స్నేహం బాగున్నప్పుడే.

ఫైళ్లకి గిట్ వాడండి, ఏ ఫైలు ఎప్పుడు ఎలా మారిందో అది గుర్తుపెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘అసలు ఫైనల్’ అని తిరిగితే ఏదో ఒక రోజు పాతది కొత్తదాని మీద పడుతుంది. గోడో 4 ప్రాజెక్ట్‌లో ‘.గోడో’ అనే ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టకూడదు, అది ఇంజిన్ తనకోసం తయారుచేసుకునేది. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలుని కూడా తీసుకోదు, పెద్ద వీడియోలు అందులో వేయకండి.

ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే పెట్టండి, ఖాళీలకి బదులు అండర్‌స్కోర్. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టదు. ఆండ్రాయిడ్‌కి పడుతుంది. ల్యాప్‌టాప్‌లో బాగా నడిచిన గేమ్ ఫోన్‌లో ఒక బొమ్మ దొరకలేదని ఆగిపోతే మొదట చూడాల్సింది ఇదే.

10. ఆరు వారాల క్యాలెండర్

మొదటి వారం: ఖాళీ ప్రాజెక్ట్ ఫోన్‌లో తెరుచుకోవాలి. రెండో వారం: గుండ్రాలు, చతురస్రాలతోనే ఒక రాత్రి మొత్తం, చప్పుడుతో సహా, గెలవడం ఓడటం ఉండాలి. మూడు, నాలుగు వారాలు: బొమ్మలు ఎక్కించడం. ఐదో వారం: మిగతా నాలుగు రాత్రులు గ్రాఫ్ పేపర్ చూసి పెట్టడం. ఆరో వారం: మెనూ, మిగిలిన చప్పుళ్లు, ఆ వారం చివరి నుంచి కొత్తది ఏదీ చేర్చకూడదు.

ఎక్కడ పెడతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. చిన్న గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్‌లో పెట్టడం ఉచితం, బ్రౌజర్‌లోనే ఆడించొచ్చు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (పిలిచినవాళ్లు మాత్రమే ఆడి చూసే పరీక్ష) చేయాలన్న నిబంధన ఉంది. అంటే మీ రెండు వారాల టెస్టింగ్ మొత్తం దానికే పోతుంది. వైవా నాటికి ప్లే స్టోర్ లింకు చూపిద్దామనుకుంటే ఆరో వారం చివరికల్లా బిల్డ్ (ఫోన్‌లో నడిచేలా తయారైన గేమ్ ఫైలు) అప్‌లోడ్ అయిపోవాలి, హాస్టల్‌లో పన్నెండు మంది జీమెయిల్ అడ్రస్‌లు అంతకుముందే చేతిలో ఉండాలి.

మొదటి వారం పని చిన్నదిగా కనబడుతుంది కానీ చాలా టీమ్‌లు అక్కడే చిక్కుకుంటాయి. గేమ్‌ని ఆండ్రాయిడ్ యాప్‌గా మార్చాలంటే, అంటే ఎక్స్‌పోర్ట్ చేయాలంటే, గోడో ఒక్కటే చాలదు. ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు, జేడీకే (జావా పనిముట్లు), ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్ తయారీ పనిముట్లు) విడిగా దించుకోవాలి, అన్నీ పెద్ద ఫైళ్లే. ల్యాబ్ నెట్‌లో చాలా సైట్లు బ్లాక్ అయి ఉంటాయి కాబట్టి రాత్రి హాట్‌స్పాట్ పెట్టి ఒక ల్యాప్‌టాప్‌లో దించి, మిగతా ముగ్గురికీ కాపీ చేయండి. జేడీకే వెర్షన్ మీ గోడో వెర్షన్ డాక్యుమెంటేషన్‌లో చెప్పిందే వాడండి. ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ని ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ల్యాప్‌టాప్‌కి ఫోన్ కనబడదు, సెట్టింగులన్నీ మార్చే ముందు కేబుల్ మార్చి చూడండి.